పేర్లు చదవని ప్రార్థన

1961 జూలై మూడవ తేదీ సోమవారం ఉదయాన, మాచర్లలోని మన క్రైస్తవ సేవాసంస్థ దయానిలయంలో వంటశాల సహాయకులుగా శ్రీ కొండ్రు యల్లమంద గారు విధులలో చేరారు. నేడు, 1987 అక్టోబరు ముప్పై ఒకటవ తేదీన, అన్నశాల పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వీడ్కోలు సంచికలలో ఆనందాన్నీ విచారాన్నీ సమపాళ్ళలో కలిపి రాయడం ఆనవాయితీ. ఆయనతో కలిసి పనిచేసిన, ఈ సంస్థ హాస్టలు వార్డెను మస్తాన్‌రావునైన నాకు ఆ పాళ్ళు కుదరలేదు, పెద్దలు మన్నించాలి. ఆయనతోపాటు ఆ అన్నశాల కూడా నేటితో మూతపడుతున్నదాయె, ఆనందం ఎక్కడినుంచి తెచ్చి రాయను?

బొల్లాపల్లి మెట్టపొలాలలో కూలి చేసుకునే కుటుంబంలో జన్మించిన యల్లమంద గారు ఆకలిని ఎవరూ పరిచయం చేయనక్కరలేని బాల్యాన్ని గడిపారు. తొలి సంవత్సరాలలో హాస్టలు పిల్లలకు వండిపెట్టి, తమ పనితనం చేతనూ ప్రార్థనాశక్తి చేతనూ అందరి మన్ననలు పొంది, 1974లో ప్రధాన వంటవారయ్యారు. 1980లో చర్చి సంఘం వారు నిరాశ్రయుల కోసం మధ్యాహ్న అన్నశాలను ప్రారంభించినప్పుడు దాని బాధ్యతను ఆయనకే అప్పగించారు. గుంటూరు నుంచి వచ్చే రైలు మాచర్లతో ఆగిపోతుంది. ఎక్కడ దిగాలో తెలియని వాళ్ళంతా ఇక్కడ దిగిపోతారు. అలా దిగిన వృద్ధులు, రోగులు, బిడ్డలను చంకనేసుకున్న ఒంటరి స్త్రీలు మా గేటు ముందు పళ్ళేలతో కూర్చునేవారు.

ఆ అన్నం పిడికిలి బియ్యంతో ఉడికేది. మన విశ్వాసుల ఇళ్ళలో ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, దేవుని పేర వేరే కుండలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చి ఇస్తుంది. వడ్డనకు జీతం లేని సేవకులు వచ్చేవారు. వారిలో ముందుండే, దర్జీ పని చేసే ఫిలోమినా గారు కుట్టుమిషను ఆపి మరీ వచ్చి గరిటె పట్టుకునేవారు. వడ్డన పూర్తయ్యాక, ఎవరూ ముద్ద ఎత్తకముందు, యల్లమంద గారు కళ్ళు మూసుకుని, పిడికిలి బియ్యం ఇచ్చిన ప్రతి ఇంటినీ పేరుపేరునా దేవునికి విన్నవించేవారు. తమ పేరు ఆ కంఠంలో వినబడాలని ఊళ్ళో ఎందరికి ఆశో చెప్పలేను.

"బాబాయ్, నీ ప్రార్థన అయ్యేలోపు వేడన్నం చద్దన్నం అవుద్ది" అని ఫిలోమినా గారు ఆటపట్టించేవారు.

"పెట్టినోళ్ళను తలుచుకోకపోతే ఎట్టాగే అమ్మాయ్?" అని ఆయన నవ్వేవారు.

1982 మండువేసవిలో ఒకనాటి సంగతి చెప్పకుండా ఆయన జీవితాన్ని చెప్పలేను. అప్పటికి కొంతకాలంగా జాన్‌బీ అనే వృద్ధురాలు వస్తుండేది. కొడుకు దాచేపల్లి సున్నపురాయి క్వారీలో చనిపోయాక రైలెక్కి వచ్చి, స్టేషను రేకుల షెడ్డు కింద తలదాచుకునేది. ముందటి రెండు రోజులూ జ్వరంతో లేవలేక, ఆ రోజు గోడలు పట్టుకుంటూ వచ్చి వరుస చివర కూర్చున్నది. వడ్డన అయింది. ప్రార్థన మొదలైంది. పరాయి మతం వారి ప్రార్థన అయినా మర్యాదగా కొంగు తలమీదికి లాక్కుని, రెండు అరచేతులూ పైకి తెరిచి, కళ్ళు మూసుకున్నది. చర్చి వార్షిక పండుగ దగ్గరపడినందున దాతల పేర్లు ఆనాడు మరీ ఎక్కువగా ఉన్నాయి. ఒక్కటీ విడువకుండా అన్నీ చెప్పి ఆయన ఆమెన్ అన్నారు.

అందరూ తింటున్నారు. ఆమె చేతులు దించలేదు.

"అవ్వా, అయిపోయింది, తినమ్మా" అంటూ యల్లమంద గారు ఆమె భుజం తట్టారు. ఆమె గోడవైపు ఒరిగిపోయింది. పళ్ళెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

సాయంత్రం మసీదు పెద్దలు వచ్చి ఆమెను తీసుకుపోయారు. యల్లమంద గారు వారి వెంట నడిచి, వారి అనుమతితో పిడికెడు మట్టి వేసి వచ్చారు. మర్నాడు వడ్డన కాగానే "తినండయ్యా, ముందు తినండి" అన్నారు. అంతే, మళ్ళీ ఆ వరుసల ముందు ఆయన పేర్లు చదవలేదు.

అయ్యో, ఒక ప్రాణం పోయి కళ్ళు తెరిపించింది, అక్కడినుంచి అంతా శుభమే జరిగింది అని రాయగలిగితే ఎంత బాగుండేది! జరిగింది వేరు. పేరు వినబడని ఇళ్ళు ఒక్కొక్కటిగా పిడికిలి ఆపేశాయి. దయానిలయం కమిటీ పెద్దలొకరు ఆయనను పిలిపించి, "దాతల పేర్లు దేవుని ముందు చెప్పకపోతే వాళ్ళెందుకిస్తారయ్యా?" అని గట్టిగానే అడిగారు.

"నా ప్రార్థన ఒక ముసలామెను తినేసింది సార్. ఇంక దానికి మేత వెయ్యను" అన్నారు యల్లమంద గారు.

పోనీ భోజనాలయ్యాక చదవమన్నాము. ఒకనాడు ప్రయత్నించారు కూడా. మూడో పేరు దగ్గర ఆపేసి, లోపలికి వెళ్ళి అంట్లు తోముతూ కూర్చున్నారు. పేర్లు ఇంకొకరు చదివితే, అది యల్లమంద గారి నోటి మాట కాదని దాతలు పెదవి విరిచారు. విదేశాల నుంచి వచ్చే సహాయం సైతం ఆగిపోయింది. బియ్యం తగ్గుతూ, వరుస పెరుగుతూ వచ్చింది. తల్లుల చంకలలో వచ్చిన పిల్లలు ఇప్పుడు తమ పళ్ళెం తామే పట్టుకుని వస్తున్నారు. వారి బ్రతుకులలో మేము తెచ్చిన మార్పు అంతే. యల్లమంద గారి విరమణతో అన్నశాలను మూసివేయాలని కమిటీ తీర్మానించింది. నేటి సభలో ఆయనకు శాలువా కప్పడానికి పోటీపడుతున్న చేతులలో సగమైనా పిడికెడు బియ్యం తెచ్చి ఉంటే ఈ తీర్మానం అవసరమయ్యేది కాదు. సంపాదకులు ఈ వాక్యం కొట్టేసినా సరే, నేను రాయక మానను.

ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి ఆయన మొన్న నా గదికి వచ్చారు.

"ఏంది మస్తాన్‌రావూ, నన్ను చానా పొగుడుతున్నావంట? పొగడబాక. నేను పేర్లు చదివుంటే పొయ్యి ఆరేది కాదేమో. అప్పుడు తప్పు చేశానో, ఇప్పుడు చేశానో నాకే తెలవటంలా."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"రేపు ఆదివారం మజ్జాన్నం వాళ్ళు వస్తారు గదా. వాచ్‌మన్ చేత చెప్పించబాకండి. 'రండి' అని పిలిచింది నేను. 'లేదు' అని కూడా నేనే చెప్తా."

పదవిలో లేని మనిషికి మేము ఇవ్వగలిగిన చివరి ఉద్యోగం అదే అయింది. కమిటీ దానికి వెంటనే ఒప్పుకున్నది.

శ్రీ యల్లమంద గారికీ, ఇన్నేళ్ళూ ఆయనను మాకు అరువిచ్చిన వారి ధర్మపత్ని లీలావతి గారికీ దేవుడు సంపూర్ణ ఆరోగ్యాన్నీ దీర్ఘాయుష్షునూ ప్రసాదించాలని సహోద్యోగులందరి తరఫున కోరుకుంటున్నాను. పొడుగు ప్రార్థనలు ఆయనకు గిట్టవు గనుక రెండు మాటలతో ముగిస్తాను. ప్రభువా, ఆయనను చాలాకాలం చల్లగా చూడు. రేపు మధ్యాహ్నం ఆ గేటు ముందు, పళ్ళేల ఎదుట, నిలబడేంత బలం ఆయన కాళ్ళకివ్వు. ఆమెన్.