జపాన్ పెట్టెలో డోలు

రాజమాణిక్యం నోరు తెరిచాడంటే పళ్ళిపట్టు బస్సు కూడా తిరుత్తణి స్టాండులో ఓ పది నిమిషాలు ఆగి విని పోతుందని పేరు. తిరువళ్ళూరులో పాట కచేరీలు నడిపే మనిషి. ఎనభై ఏడులో ఒకనాటి ఉదయం ఆ తిరుత్తణి స్టాండు పక్కనే గోవిందమ్మ టీ అంగట్లో, ఒళ్ళో జపాన్ పెట్టె పెట్టుకొని కూర్చున్నాడు. మూరెడు పొడుగు, హార్మోనియానికి ఉన్నట్టే మెట్లు, పక్కన చిన్న మైకు.

ఎదురు బెంచీ మీద తణికాచలం. వారంలో ఆయన కూతురు కోకిల పెళ్ళి. మేళం కుదుర్చుకునే తాంబూలం ఈ పెట్టె మనిషికివ్వాలా, డోలాయనకివ్వాలా తేల్చుకోవడానికి వచ్చాడు. ఆ ఇంటి పెళ్ళిళ్ళకు డోలు కొట్టేది మూడు తరాలుగా ఆదికేశవులు ఇంటివాళ్ళే. ఆదికేశవులు కూడా అక్కడే ఉన్నాడు, డోలు పక్కన పెట్టుకొని, టీ చల్లారిపోతున్నా తాగకుండా. ఈ పెళ్ళి చేజారితే మిగతా ఇళ్ళూ చేజారతాయని ఆయన భయం.

"దీన్ని శాంపిల్ అంటారప్పా," అన్నాడు రాజమాణిక్యం. "ఏ శబ్దమైనా ఒక్క తూరి పడితే చాలు."

"శాంపిలంటే? బియ్యం మండీలో గుప్పెడు చూపిస్తారే, అదా?" అంది గోవిందమ్మ.

"అదే అక్కా. గుప్పెడు నా చేతికొస్తే మూటంతా నాదే. మొన్న పాలాయన సైకిల్ గంట పట్టినాను. మధ్యాన్నం సుమ్మా, ఊరికే నొక్కితే మా యింటామె గిన్నె పట్టుకొని వాకిట్లోకి వచ్చేసె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిరువళ్ళూరు టేసన్లో ఎలక్ట్రిక్ రైలు కూత పట్టినాను. మర్నాడు ప్లాట్‌ఫారం మీద నొక్కితే జనం తోసుకుంటా వచ్చి, లేని రైలెక్కి, ఒకాయన కిటికీ పక్క సీటుకు తువ్వాలు కూడా ఏసినాడు."

"తువ్వాలు యాడ ఏసినాడన్నా?" అన్నాడు చెంగయ్య. పక్కనే సైకిళ్ళు బాగుచేసేవాడు, ముక్కుపొడుం మనిషి.

"అదే నాకూ అర్థం కాలే. ఇంకా విను. ఆడి మాసం వానల్లో ఉరుము పట్టినాను. పై మెట్టు నొక్కితే తుంపర, కింది మెట్టు నొక్కితే కుండపోత. పళ్ళిపట్టు రైతులు వచ్చి, మా చేనుకు నడిమి మెట్టు చాలు సామీ అని కాళ్ళు పట్టుకునిరి. ఏలు జారి రెండు మెట్లు ఒకటిగా పడితే ఏరు ఎనక్కి పారె."

అందరూ నవ్వారు. తణికాచలం మాత్రం నవ్వకుండా పెట్టెకేసి చూశాడు. "డోలు కూడా పడుతుందా?"

"డోలెంత? ఆదికేశవులూ, ఒక్క దెబ్బ కొట్టు. మిగతాది నేను వాయిస్తా."

ఆదికేశవులు లెక్క వేసుకున్నాడు. కొడితే మూటంతా పోతుంది. కొట్టకపోతే జంకాడంటారు. రాజమాణిక్యం మైకు దగ్గరికి జరిపి మీట నొక్కాడు. ఆదికేశవులు డోలు ఒళ్ళోకి లాక్కొని ఒక్క దెబ్బ వేశాడు. సరిగ్గా అప్పుడే పొడుం ఘాటెక్కి చెంగయ్య తుమ్మాడు.

రాజమాణిక్యం అదేమీ పట్టించుకోకుండా మెట్ల మీద వేళ్ళు పరిగెత్తించాడు. ధం-హాచ్, ధం-హాచ్. కింది మెట్టులో ఏనుగు తుమ్మినట్టు, పై మెట్టులో పసిబిడ్డ తుమ్మినట్టు.

తణికాచలం ముఖం మాడిపోయింది. "తాళి కట్టేటప్పుడు ఎవురన్నా తుమ్మితే వినపడకూడదని గదా గట్టిమేళం వాయించేది? నువ్వు తుమ్మునే మేళంలో పెట్టుకొని వస్తాండావు."

"నాకేం సంబంధం? తుమ్మింది చెంగయ్య."

"నేను తుమ్మింది ఒక్క తూరే గదన్నా," అన్నాడు చెంగయ్య ముక్కు తుడుచుకుంటూ. "మిగిలిన తుమ్ములు ఎవురివి? డోలు మోగితే నీ విద్య, తుమ్ము మోగితే నా ముక్కా?"

గోవిందమ్మ నవ్వీ నవ్వీ పాలు పొంగబెట్టేసింది. రాజమాణిక్యం గబగబా స్విచ్చి కట్టేసి పెట్టెను సంచిలోకి తోశాడు. తణికాచలం లేచి వచ్చి తమలపాకులు, వక్కలు ఆదికేశవులు చేతిలో పెట్టాడు.

ఆదికేశవులుకు ప్రాణం లేచి వచ్చింది. కానీ మనసు కుదురుకోలేదు. ఆ కింది మెట్టులో మోగిన ధం తన డోలుదే, అంత గంభీరంగా తాను ఎన్నడూ కొట్టలేదు. అది తనదా, పెట్టెదా, రాజమాణిక్యం వేలిదా? తుమ్ము లేకపోయుంటే తాంబూలం ఎవరికి పోయేది?

"అన్నా, నా దెబ్బ ఇంకొక్క తూరి వినిపించు," అన్నాడు మెల్లగా.

"లేదప్పా. స్విచ్చి కట్టేస్తే పోతుంది."

"యాడికి పోతుంది?"

వాన కురిపించిన మనిషి సంచి మూతి విప్పి, తానూ లోపలికి తొంగి చూశాడు.