పెదాల మధ్య కాగితం

రా, కూర్చో. బడి సభ బాగా జరిగిందా? మైకులో ఆ పెద్దమనిషి ఏమన్నాడో ఇంట్లో కూర్చుని నేనూ విన్నాలే. "పూర్వం ఇక్కడ మూగపంతులమ్మ అని ఒకావిడ ఉండేది, పిల్లల నోళ్ళలో కాగితాలు కుక్కి చదువు చెప్పేది" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. నువ్వూ నవ్వావుట. సరే, నీకేం తెలుసు. ఆవిడ కథ నాకు మొదట చెప్పింది మీ నానమ్మే. పెళ్ళయిన కొత్తలో చెప్పింది, పోయే ముందూ అదే చెప్పింది. మేమిద్దరం చదివింది ఒకే బడిరా, కాకపోతే నేను రేకుకి ఇవతల, తను అవతల.

రేకంటే, ఉన్నది ఒకటే పెద్ద గది, మధ్యలో తుప్పు పట్టిన రేకు అడ్డం కట్టారు. ఇవతల పెద్దపంతులు. ఆయన దగ్గర చదువంటే గొంతే. ఆయన ఒక ముక్క అంటే మేం కప్పు లేచిపోయేలా అందుకునేవాళ్ళం. మా నాన్న రోడ్డు మీద ఆగి "అదిగో, మావాడి గొంతు" అని మురిసిపోయేవాడు. మొదటి వాచకం ఇప్పటికీ పొల్లుపోకుండా అప్పజెబుతాను, మొదలెట్టనా? వద్దా? సరేలే, నీ ఇష్టం.

అవతల ఆ పంతులమ్మ. బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ పొడిదగ్గు. వచ్చిన కొత్తలో ఓ రోజు పిల్లలందరి పుస్తకాలూ తలకిందులుగా పెట్టించి "ఇప్పుడు చదవండి" అందిట. చదివేశారు! అదే రాగం, అదే జోరు. ఒక్కళ్ళూ తడబడలేదు. ఆవిడ కుర్చీలో కూలబడి "ఇది పాటర్రా, చదువు కాదు" అందిట. ఆ మర్నాటి నించీ మొదలెట్టింది. పాత పేపర్ల అంచుల్లో తెల్లగా ఉండే ముక్క ఉంటుంది చూడు, అది కత్తిరించి తలో ముక్కా ఇచ్చేది. కుక్కలేదు! పెదాల మధ్య ఊరికే పట్టుకోమనేది. కాగితం కదిలితే నోరు చదువుతున్నట్టు, కదలకపోతే కళ్ళు చదువుతున్నట్టు. ఇక బోర్డు మీద "కిటికీ మూయి" అని రాసి ఊరుకునేది. చదివినవాళ్ళు లేచి వెళ్ళి మూసేవాళ్ళు. "పక్కవాడి బొత్తాం పెట్టు" అని రాస్తే గదంతా బొత్తాలే. మాకేమో రేకవతల ఏం జరుగుతోందో తెలీదు, చప్పుడుంటేగా!

తల్లులు దెబ్బలాటకొచ్చారు. "బడికి పంపింది పిల్లల నోరు మూయించడానికా?" అని. "ముందు కళ్ళు రానివ్వండమ్మా. కళ్ళొచ్చాక గొంతు నేనే ఇస్తాను" అందిట పాపం. ఆ గొంతులూ వచ్చేవేమో కూడాను. ఈలోపే ఇన్‌స్పెక్టరు దిగాడు.

మంచి ఎండలో వచ్చాడు. పెద్దపంతులు మా చేత అరిపించి, చెమట తుడుచుకుంటూ ఆయన్ని అవతలికి తీసుకెళ్ళాడు. ముందు వరసలో మీ నానమ్మ. ఇన్‌స్పెక్టరు ఏదో పేజీ తీసి, ఎక్కడో వేలు పెట్టి, కిటికీ వంక చూస్తూ "ఊఁ, చదువు" అన్నాడు. అక్కడేముందో తెలుసా? "అతిథి ఎండలో వచ్చాడు. మంచినీళ్ళు తెచ్చి ఇవ్వు." పిల్ల చూసింది. లేచింది. మూలనున్న కుండ దగ్గరికెళ్ళి గ్లాసు ముంచి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగాడు! గడగడా తాగి, మూతి తుడుచుకుని, "చదవమంటే నీళ్ళు తెస్తుందేమయ్యా" అన్నాడు. "చదివే తెచ్చిందండీ, ఆ పేజీ ఒక్కసారి చూడండి" అని ఈవిడ ప్రాధేయపడింది. "నాకు పాఠాలు చెప్పకమ్మా" అన్నాడు. మా పెద్దపంతులుకి ఆ పుస్తకం కంఠతా వచ్చు, ఏ పేజీలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. నోరు మెదపలేదు. ఆయన పోయినప్పుడు ఊరంతా వెళ్ళింది, నేను వెళ్ళలేదు. ఇప్పుడైనా వెళ్ళను.

ఆవిడ ఉద్యోగం ఊడింది. రేకు తీసేసి ఆ పిల్లల్నీ మాలో కలిపేశారు. బెత్తం ఆడాక అందరికీ గొంతులొచ్చాయి. ఆవిడ బజార్లో దర్జీ కొట్టు అరుగు మీద కాజాలు కుట్టుకుంటూ బతికింది. పోకిరీ వెధవలు పెదాల మధ్య కాగితాలు పెట్టుకుని ముందు నించి నడిచేవాళ్ళు. తలెత్తేది కాదు.

మీ నానమ్మకి అదే దిగులు. తన నీళ్ళవల్లే ఆవిడ అన్నం పోయిందని. ఓ సాయంత్రం వెళ్ళి అరుగు ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చిందిట. ఆవిడ ఒళ్ళో ఉన్న నల్లగుడ్డ మీద దర్జీ సుద్దతో రాసింది, "కళ్ళు తుడుచుకో" అని. మీ నానమ్మ తుడుచుకుంది. ఆవిడ గుడ్డ దులిపేసి మళ్ళీ సూది అందుకుంది. అంతే, ఆ చలికాలం దాటలేదు. ఆ దగ్గే.

"నేను నోరు విప్పి చదివుంటే సరిపోయేదిగా" అనేది మీ నానమ్మ, ముసలిదయ్యాక కూడా. పొద్దున్నే పేపరు పట్టుకుని, పెదవి కదలకుండా గంటసేపు కూర్చునేది. ఏముందే అని నేనడిగితే చెప్పేది. ఇప్పుడు పేపరు వస్తోంది, అక్కడే పడుంటోంది.

అందుకే కూర్చోమన్నాను. నీకు రాయడం వచ్చుగా. ఆ మైకు పెద్దమనిషికి రాయి, పేపరుకీ రాయి. కాగితం కుక్కలేదని రాయి. పిల్ల చదివింది, చదివే నీళ్ళు తెచ్చింది, ఆ పేజీ చదవనివాడు ఇన్‌స్పెక్టరేనని రాయి. పంపే ముందు ఓసారి నాకు వినిపించు. గట్టిగా చదువు నాయనా, నేను రేకుకి ఇవతలవాణ్ణి.