నల్లగుండ్ల కుంటలో యాదయ్య మొసలి

ఆ సాయంత్రం యాదయ్య చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. "సార్, కుంటల మొసలి లేదు." అంతే, అంతకుమించి ఒక్క అక్షరం కూడా అక్కర్లేదు. పొద్దున చాయ్ తాగేటప్పుడు పోచమ్మ ఆ మాట మొగుడి చేత చెప్పించింది. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు మళ్ళీ చెప్పించింది. ఇప్పుడు రామాంజనేయులు నడిపే చాయ్ బండి దగ్గరికి వెళ్తూ, దారిలో కూడా వదల్లేదు.

"నేనేమన్న చిన్నపిలగాన్నా?" అన్నాడు యాదయ్య చిరాగ్గా.

"చిన్నపిలగానివైతె నాకు ఫికరే లేకుండె," అంది పోచమ్మ.

ఆమె ఫికరు ఊరికే కాదు. తెల్లారితే సద్దుల బతుకమ్మ. పుప్పాలగూడ వైపు, అద్దాల మేడల వెనక, నల్లగుండ్ల కుంట అని ఒకటుంది. దాన్ని కుంట అనడం కూడా గౌరవానికే. సగం జమ్ము, సగం తుంగ, మధ్యన కాసిన్ని నీళ్ళు, నాలుగు కొంగలు. దాని అవతల ఏటవాలుగా లేచిన గుట్ట, గుట్టనిండా నల్లటి రాతి గుండ్లు, సీతాఫలం పొదలు. దసరా ముందు మాత్రం ఆ గుట్ట గునుగు, తంగేడు పూలతో చూడముచ్చటగా ఉంటుంది. బస్తీ ఆడవాళ్ళు పువ్వు కోసుకొచ్చేది ఆ గుట్ట మీదే, బతుకమ్మను సాగనంపేది ఆ కుంటలోనే. గుట్టనూ కుంటనూ కలిపి పక్క అపార్ట్‌మెంట్లవాళ్ళు కంచె వేశాక కూడా ఒక గేటు వదిలారు గనక ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. నెల కిందట ఆ గేటుకు తాళం పడింది. పడింది యాదయ్య నోటి పుణ్యాన.

యాదయ్య ఆ పక్క అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్. పొద్దస్తమానం గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చే పోయే కార్లకు సలాము కొట్టే మనిషిని నిలబడి పలకరించేవాళ్ళు ఎవరూ ఉండరు. అదే మనిషి చాయ్ బండి దగ్గర కోత మొదలుపెడితే, మెడలో కార్డులు వేలాడేసుకున్నవాళ్ళు కూడా గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరతారు. ఆ సంగతి పోచమ్మకు తెలుసు. తెలుసు గనకే ఇన్నేళ్ళూ ఓర్చుకుంది, అయినా ఒళ్ళు మండటం మాత్రం ఏనాడూ ఆగలేదు. నెల కిందట అట్లాగే నలుగురు చేరిన పూట, కుంటలో మొసలిని చూశానని ఒకటి కోశాడు. ఎవరో దాన్ని ఫోనులో ఎక్కించి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టారు. మర్నాటికల్లా అపార్ట్‌మెంట్ల సంఘం కార్యదర్శి కామేశ్వరరావు గేటుకు తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అప్పట్నుంచి బస్తీలో పోచమ్మ తలెత్తుకోలేకపోతోంది. నల్లా దగ్గర బిందె పెడితే చాలు. "నీ పెనిమిటి నోటికి మా బతుకమ్మ బలైపాయె" అని ఒకతె, "ఈసారి బకెట్ల ఇడుద్దామా అక్కా" అని ఇంకొకతె. పోచమ్మ వెళ్ళి మొసలీ లేదు గిసలీ లేదని కామేశ్వరరావుతో మొత్తుకుంది. "చూశానన్నది మీ ఆయన, లేదనేది కూడా ఆయనే అనాలి కదమ్మా" అన్నాడాయన. అందుకే ఈ అప్పజెప్పించుకోవడాలన్నీ.

కామేశ్వరరావు నడక ముగించుకుని, చెమట తుడుచుకుంటూ చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన అపార్ట్‌మెంట్లలోనే ఉండే సౌజన్య, ఆఫీసు నుంచి అట్నుంచటే వచ్చినట్టుంది, భుజాన బ్యాగు కూడా దించలేదు. ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. పోచమ్మ మొగుణ్ణి మోచేత్తో ముందుకు పొడిచింది.

"సార్, కుంటల మొసలి లేదు," అన్నాడు యాదయ్య.

చెప్పాడు, అంతా సరిగ్గానే చెప్పాడు. పోచమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"లేదా? మరి చూశానన్నావు కదయ్యా?" అన్నాడు కామేశ్వరరావు.

ఆ మాటకు చాయ్ తాగుతున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. యాదయ్య ఒకసారి అందరి మొహాలూ చూశాడు, మీసం మీదికి చెయ్యి పోయింది. మీసం మీద చెయ్యి పడిందంటే కోత మొదలైనట్టేనని పోచమ్మకు తెలుసు.

"చూసిన మాట నిజమే సార్. ఉన్న మాట గూడ నిజమే. ఇప్పుడు లేదు. ఎందుకు లేదంటే, నేను ఎల్లగొట్టిన."

పోచమ్మ కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి కామేశ్వరరావు జేబులోంచి తాళంచెవి తీస్తూ కనిపించాడు.

"ఎలాగోలా పోయిందంటావు. అయితే ఇంకేం, గొడవ లేదు. గేటు తీసేద్దాం," అంటున్నాడాయన.

సరే, అబద్ధమైతే అయింది, గేటైతే వస్తోంది. పోచమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని, "పా ఇగ, పువ్వు కోస్కోవాలె," అంది. యాదయ్య అక్కడితో నోరు మూసుకుని ఉంటే, అందరూ చీకటి పడకముందే తలా ఒక గంప గునుగుతో ఇల్లు చేరేవాళ్ళు. కానీ రామాంజనేయులు ఊరుకుంటాడా? గ్లాసు చేతికిస్తూ, "అంత మొసలిని ఎట్ల తోలినావు యాదన్నా?" అన్నాడు.

"ఏం లేదు రామాంజనేయులూ, డ్యూటీ విజిల్ ఉన్నది గద, ఒడ్డు మీద నిలవడి ఒక్కసారి ఊదిన. గంతే. అది నా దిక్కు చూసింది, నేను దాని దిక్కు చూసిన. మల్ల ఊదిన. ఎవడ్రా వీడు, నా ఇంటి ముందట లొల్లి చేస్తుండు అనుకున్నదేమో, నీళ్ళల్లకెళ్ళి ఇట్ల లేసింది. లేస్తె ఏంది సార్, లేస్తనే ఉన్నది, మూతి వచ్చింది, మెడ వచ్చింది, నడుము వచ్చింది, తోక ఇంకా రాలే. నేను ఒక చాయ్ తాగొచ్చిన, అప్పటికి గూడ రాలే. ఇగ లాభం లేదని నేనే నీళ్ళల్ల దుంకి తోక వట్టిన."

"ఆ కుంటలోనా?" అంది సౌజన్య. "లోతుంటుందా అక్కడ?"

"లోతా మేడం? పైకి అట్ల కనవడ్తది గనీ, నడిమిట్ల ఏడు నిలువుల లోతు. నేను అడుగు దాక పోయిన. నోట్ల బీడీ ఉండె, అది గూడ ఆరలే, అంత జోరుగ పోయిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా? అది నన్ను ఈపు మీద ఎక్కించుకొని గుట్ట మీదికి ఉరికింది. ఆ గుండు మీద గుండు, గుండు మీద గుండు ఎట్ల నిలవడ్డదని అందరు ఫోటోలు తీస్తరు గద, ఎట్లనుకున్నరు? దాని తోక దెబ్బకు."

"అవి నేను పుట్టకముందుకెళ్ళి అట్లనే ఉన్నయి," అంది పోచమ్మ పళ్ళ బిగువున.

"నువ్వు చూసినవి వేరే గుండ్లు," అన్నాడు యాదయ్య, ఆమె వైపు తిరక్కుండానే. "అవి పడిపోయినయి. ఇవి కొత్తయి. ఇగ గుట్ట దిగి రోడ్డెక్కినం సార్. మూతి ఇక్కడ పుప్పాలగూడల, తోక మాదాపూర్ల. మొన్న గంత ట్రాఫిక్ జామ్ ఎందుకైందనుకున్నరు?"

"ఆ రోజు నేను కూడా ఇరుక్కుపోయాను," అంది సౌజన్య నవ్వుతూ.

"అదే మేడం, మీ కారు దాని నడుము కాడ ఉండె. నేను చూసి చెయ్యి గూడ ఊపిన, మీరు ఫోన్ల మునిగిండ్రు. ఇగ నేను విజిల్ ఊదుకుంట, దాన్ని పక్కకు జరుపుకుంట, లింగంపల్లి స్టేషన్‌కు తోలుకపోయి రైలెక్కించిన. నాలుగు డబ్బాలు పట్టింది. మిగిలిన తోకను కిటికిలకెళ్ళి బయటికి పెట్టిన."

"టికెట్టు తీసుకున్యావా?" అన్నాడు రామాంజనేయులు.

"మొసలిని టికెట్ అడిగే మొగోడు ఎవడున్నడయ్యా?"

అందరూ పగలబడి నవ్వారు. కామేశ్వరరావు కూడా నవ్వాడు. తాళంచెవి ఆయన వేళ్ళ మధ్య అట్లాగే ఆడుతోంది. పోచమ్మకు నవ్వు రాలేదు, ఆమె చూపంతా ఆ తాళంచెవి మీదా, పడమటి మేడల వెనక్కి జారుతున్న పొద్దు మీదా ఉంది. మొసలి రైలెక్కింది, కథ కంచికి వెళ్ళింది, ఇక నోరు ముయ్యి దేవుడా అనుకుంది.

"కానీ సార్," అన్నాడు యాదయ్య గొంతు తగ్గించి. "రైలు కదిలినంక ఏమైందో తెల్సా? అది ఎన్కకు తిరిగి చూసింది. కండ్లల్ల నీళ్ళు. ఎంత జంతువైనా తల్లి తల్లే గద సార్."

"తల్లా?" అన్నాడు కామేశ్వరరావు.

"గుడ్లు పెట్టింది సార్. జమ్ముల. నేను లెక్కవెడదామని పోయిన గనీ పొద్దు చాలలే. ఈపాటికి పిల్లలు గూడ అయ్యే ఉంటయి."

తాళంచెవి జేబులోకి వెళ్ళిపోయింది.

పోచమ్మకు ఆ క్షణాన ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. చేతికందిన గేటును ఈ మనిషి కేవలం నలుగురు ఇంకో నిమిషం తనవైపు చూడాలని జారవిడిచాడు. రేపు నల్లా దగ్గర ఆ ఆడవాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"సార్, అన్నీ కోతలే. మొసలి లేదు, గుడ్లు లేవు, ఈయన ఆ కుంటల కాలు గూడ పెట్టలే," అంది.

"నాకూ తెలుసమ్మా, తొంభై పాళ్ళు కోతేనని. ఆ మిగిలిన పది పాళ్ళ సంగతే నా భయం. రేపు చీకటి పడ్డాక అంతమంది నీళ్ళలో దిగుతారు. ఎవరికైనా ఏదైనా అయితే నేనేం సమాధానం చెప్పనండీ?"

ఆయన మాటలోనూ న్యాయం ఉంది, అది ఇంకా మంట. "అయితె ఇప్పుడే చూద్దాం, పాండ్రి. ఈయనే గుడ్లు చూపిస్తడు," అంది పోచమ్మ.

చాయ్ గ్లాసులు పట్టుకునే అందరూ కదిలారు. కామేశ్వరరావు తాళం తీశాడు. ఒడ్డు దాకా వెళ్ళి వెనక్కి చూస్తే, యాదయ్య గేటు కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"రావయ్యా, ఎక్కడో చూపించు," అన్నాడు కామేశ్వరరావు.

"మీరు చూడుండ్రి సార్. నేను ఇక్కడ కాపలా ఉంట."

పోచమ్మ మొగుడి మొహం చూసింది. నెత్తురుచుక్క లేదు. ఇది నటన కాదు. నెల రోజులుగా చెప్పీ చెప్పీ, ఈ మనిషి తన మొసలికి తానే భయపడుతున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో చాలా చూసింది గానీ ఇది మాత్రం కొత్త.

"చూశారా, ఆయనే రానంటున్నాడు. మనం కూడా వెనక్కి రావడం మంచిదండీ," అన్నాడు కామేశ్వరరావు రెండడుగులు జరిగి.

పోచమ్మ కొంగు నడుముకు చుట్టి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పులు ఒడ్డున వదిలి నీళ్ళలో దిగింది.

"పోచీ, ఒద్దే," అన్నాడు యాదయ్య. ఆ గొంతులో కోత లేదు. అది విని ఆమె కాలు ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది. అడుగున బురద మెత్తగా, చల్లగా ఉంది. కుడిపక్క జమ్ము గలగలమని కదిలింది. పోచమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అన్నేళ్ళు పక్కన పడుకున్నందుకు ఆ మనిషి మాటలు ఆమెకు కూడా ఎక్కడో కాస్త అంటుకున్నట్టున్నాయి. జమ్ములోంచి ఒక నీటికోడి లేచి, తిట్టుకుంటూ అవతలికి ఎగిరిపోయింది. పోచమ్మ కూడా దాన్నో, మొగుణ్ణో గట్టిగా ఒక తిట్టు తిట్టి ముందుకు నడిచింది. జమ్మంతా చేతుల్తో పాయలు తీసి చూసింది. నడిమధ్యకు వచ్చి ఇటు తిరిగింది. నీళ్ళు మోకాలి చిప్ప కిందనే ఆగాయి.

"ఇదేనంట సార్ ఏడు నిలువుల లోతు," అంది.

ఒడ్డున నవ్వులు పేలాయి. "గుడ్లు లెవ్వు, పిల్లలు లెవ్వు, బురద ఉన్నది," అంటూ రెండు చేతులూ ఎత్తి చూపించింది. సౌజన్య అయితే ప్యాంటు మడిచి తనూ దిగడానికి సిద్ధమైంది.

ఇంకెవరైనా అయితే అక్కడ తల దించుకునేవాళ్ళు. యాదయ్య మొహంలోకి మాత్రం మెల్లగా నెత్తురు తిరిగొచ్చింది. గేటు కమ్మీ వదల్లేదు గానీ గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్పలేదా సార్? ఈ జాతి మొసళ్ళకు ఒక రివాజు ఉంటది. ఆడోళ్ళ జోలికి పోవు. ఆడమనిషి అడుగు పెట్టిందంటె పిల్లజెల్లను తీస్కొని బురద కిందికి పోతయి, ఎంత మర్యాదనుకున్నరు. అదే మగోడు కనవడ్డడా..."

కామేశ్వరరావు గేటు వైపూ, నీళ్ళ వైపూ చూస్తూ నిలబడిపోయాడు. పోచమ్మ బురద చేతులతో ఏం చెయ్యాలో తోచక మొగుణ్ణే చూస్తూ ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా, ఆయన అన్నదేమిటో అప్పుడు బుర్రకెక్కింది.

"సార్, ఇన్నరు గద. ఆడోళ్ళ జోలికి పోవంట," అంది మెల్లగా. "బతుకమ్మ ఆడేది మేమే, నీళ్ళల్ల ఇడిచేది మేమే. గేటు తీసిపెట్టుండ్రి. మగోళ్ళను మాత్రం ఒక్కర్ని గూడ రానియ్యకుండ్రి."

  కామేశ్వరరావు గేటు దగ్గరికి వచ్చి, తాళం మళ్ళీ బిగించకుండా దాన్నే తీసి జేబులో వేసుకున్నాడు.

"మరి మగవాళ్ళను ఆపేదెవరమ్మా?"

"ఈయన ఉన్నడు గద సార్, వాచ్‌మనే."

"నేను బయటనా?" అన్నాడు యాదయ్య, అప్పుడే విషయం అర్థమై. "మరి నేను బతుకమ్మను చూడొద్దా?"

"నీకు మొసలున్నది గద, దాన్ని చూస్కో," అంది పోచమ్మ. అని, పొద్దు ఇంకా కాస్త మిగిలి ఉండగానే, గునుగు కోసుకోవడానికి గుట్ట వైపు నడిచింది.