సున్నం గీత అవతల

ఆదివారం సాయంత్రం. నాచారం పారిశ్రామికవాడలో మూతపడిన ఒక కంపెనీ గోడ పక్కన తాత హన్మయ్య, మనవరాలు కావ్య. రోడ్డుకు అటువైపు తారామణి చాయ్ డబ్బా.

"వద్దంటున్న గదా బిడ్డా. ఇయ్యాల ఉరుకుడు వద్దు."

"ఎందుకు వద్దు తాతా? పరీక్ష మంగళారం. రేపు ఎట్లాగు ఉర్కను. ఇయ్యాల ఒక్కసారి గోడ సుట్టు తిరిగొస్త. ఫోన్ పట్టుకో, స్టాప్‌వాచ్‌ల పచ్చది ఒత్తు, అంతే."

"కాళ్లకు జర దమ్ము ఇయ్యాలె."

"నిన్న గూడ గదే అంటివి. మొన్నేమో మంచు అంటివి. నేను పండుకుంట అంటె దుప్పటి గుంజేటోనివి, నీకేమైంది?"

"చాయ్ తాగుదాం రా. తారామణీ, రెండు చాయ్ పొయ్యి."

"ఉరుకుడు ముంగట చాయ్ వద్దన్నది ఎవరు?"

"నేనే."

"మరి?"

"మరేం లేదు."

"తాతా, ఫికర్ జేస్తున్నవా నా గురించి? ఎందుకు? ఐదు నిమిషాల నలభై సెకండ్లల్ల కిలోమీటర్ ఉర్కుమంటున్నరు రైల్వేవోళ్లు. నేను ఐదు పన్నెండుల ఉర్కుతున్న. ఇర్వై ఎనిమిది సెకండ్లు మిగుల్తున్నయ్. నువ్వు నేర్పినట్టే సెకండుకో లెక్క మనసుల పెట్టుకుంట ఉర్కుత. మూడు వందల పన్నెండు అనంగనే నువ్వు గీసిన సున్నం గీత దాటుత. ఫోన్ల సూస్తె గూడ గదే ఉంటది. ఒక్క సెకండు అటిటు గాదు."

"నీ లెక్క తప్పదు బిడ్డా. ఎరుకే నాకు."

"ఇర్వై కిలోల మూట మోసుడంటవా, అది బియ్యం సంచి లెక్క. ఇగ ఏంది ఫికర్?"

"కావ్యా."

"ఆఁ."

"మొన్న చర్లపల్లి టేషన్ పోయిన గదా. నాతోని పనిజేసిన భూషణంగాన్ని రైలెక్కియ్య."

"అయితే?"

"ఆడ ఎనకకు పాత పట్టాలున్నయ్. బండ్లు రావు వాటి మీద. భూషణం అన్నడు, అరే హన్మయ్యా, ఒకసారి నడుద్దాం రా, రైల్వే గ్యాంగుల ఉన్నప్పుడు నడిసినట్టు. నడిసిన. పట్టాల కింది స్లీపర్ దిమ్మెల మీద, దిమ్మెకో అడుగు. రెండు అడుగులు మంచిగనే పడ్డయ్."

"ఊఁ."

"మూడోది కంకర మీద పడ్డది."

"జారినవా? దెబ్బ తాకిందా? అమ్మకు చెప్పలేదేంది?"

"జారలే. మల్ల నడిసిన. మల్ల మూడోది కంకర మీద్నే. ఎన్నిసార్లు నడిసిన గంతే. నలభై ఏండ్లు పట్టాలు సూసుకుంట తిరిగే కీమ్యాన్ పని జేసిన బిడ్డా. చీకట్ల నడిసినా, వానల నడిసినా నా కాలు స్లీపర్ తప్పలే."

"మోకాలు ఆపరేషన్ అయినంక మెల్లగ నడుస్తున్నవ్, గంతే. ముసలోనివైనవ్ తాతా, ఒప్పుకో."

"మెల్లగ గాదు. అడుగు చిన్నగైంది. ఉప్పల్ల మోకాలు కోసినకాడికెల్లి నాలుగు వేళ్లు తక్కువ పడ్తుంది."

"పడనీ. నువ్వేమన్న పరీక్షకు పోతున్నవా, నేను గదా పోయేది... తాతా."

"ఆఁ."

"గీ గోడ సుట్టు కొలిసింది నువ్వే గదా."

"నేనే."

"అడుగులతోని."

"ట్రాన్స్‌ఫార్మర్ కాడ మొదలువెట్టి పదహారు వందల అరవై అడుగులు. కిలోమీటర్‌కు గన్నే స్లీపర్లు, స్లీపర్‌కో అడుగు. లెక్క తప్పలే బిడ్డా. లెక్క సరిగనే పెట్టిన. అడుగే..."

"ఆగు. ఆగు జర. నాలుగు వేళ్లంటె ఎంత? ఏడు సెంటీమీటర్లు. పదహారు వందల అరవైని ఏడు తోని... ఫోన్ ఇటియ్యి. నూట పదహారు."

"ఏంది?"

"నూట పదహారు మీటర్లు. అంత తక్కువున్నది సున్నం గీత. నూట పదహార్లు! పెండ్లిల సదివిచ్చినట్టు సదివిచ్చినవ్ గదా తాతా నాకు."

"నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?"

"తెల్వదు."

"కూసో."

"కూసోను. నూట పదహారు మీటర్లకు నలభై సెకండ్లు పడ్తయ్ నాకు. ఐదు పన్నెండుకు నలభై కలిపితె... కలుపు. నువ్వే కలుపు. లెక్క సరిగనే పెడ్తవ్ గదా!"

"బిడ్డా..."

"ఉప్పల్ల బట్టల షాపుల సూపర్‌వైజర్ జేస్త అన్నడు సేటు. ఉరుకుడుకు పొద్దుగాల టైం దొర్కదని నౌకరి ఇడిసిపెట్టిన. మా తాత రైలు పట్టాల మీద నడిసిండు, నేను గూడ నడుస్త అని గల్లీ అంత చెప్పుకున్న. రాసే పరీక్ష పాసైన. గీ ఉరుకుడొక్కటే మిగిలింది. అది గూడ ఒక్కటేసారి తాతా. కాలు మడతవడ్డా, కడుపుల నొచ్చినా, మల్లోసారి ఉర్కనియ్యరు. మల్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో ఎవనికెరుక."

"ఎరుకే నాకు."

"టేపు తెచ్చి కొలుద్దాం అన్న ఆనాడు. అన్ననా లేదా?"

"అన్నవ్."

"ఏమన్నవ్ నువ్వు? నా కాలు మీద నమ్మకం లేదా అని అలిగినవ్. రెండు రోజులు అన్నం ముట్టలే. అమ్మ నన్ను తిట్టింది."

"బుద్ధి తక్కువై అన్న."

"ఇప్పుడు ఎంత దూరం ఉర్కాలె నేను? అసలు కిలోమీటర్ ఏడికైతది? పా, టేపు తెద్దాం. కొలుద్దాం."

"కొలిసిందే."

"ఎవరు కొలిసిన్రు?"

"సర్వే పిల్లగాడు ఒకడు చాయ్ తాగ వస్తడు. వాని టేపు అడిగిన. అగో, ఆడ రాయి ఉన్నది సూడు. చదునుగ ఉన్నది. గాడికి. కొలిసి నేనే పెట్టిన దాన్ని."

"ఆ రాయా?"

"గదే."

"ఆ రాయి మీద కూసొనే గదా రోజు బూట్లు ఇప్పుత నేను."

"ఆఁ."

"తాతా, ఆ రాయి ఎప్పటి సందో ఉన్నది ఆడ. బతుకమ్మ పండుగకు నేను దాని మీద కూసొని గోరింటాకు సూపించిన తారామణి అత్తకు. మొన్న అంటివి గదా. ఎప్పుడు పోయినవ్ నువ్వు చర్లపల్లికి?"

"మొన్ననే..."

"తాతా."

"దసరా ముంగట."

"రెండున్నర నెలలు."

"సప్పుడు తక్కువ చెయ్యి, అందరు సూస్తున్నరు."

"సూడనీ! రెండున్నర నెలలు! రోజు పొద్దున గీడ నిలబడి, గీత దాటంగనే శెభాష్ అంటివి. శెభాష్ అని బెల్లం ముక్క పెడ్తివి నోట్లె!"

"చెప్దామనే అనుకున్న బిడ్డా. రోజు అనుకున్న. చర్లపల్లికెల్లి వచ్చిన తెల్లారే చెప్దామని గీడికొచ్చిన. గదే రోజు నువ్వు ఐదు ముప్పై ఎనిమిదిల గీత దాటినవ్. మొదటిసారి. యాదికున్నదా? పాసైన పాసైన అని రోడ్డు మీద ఎగిరినవ్. ఇంటికి పోయి మీ అమ్మను ఎత్తుకొని తిప్పినవ్. మీ నాయిన పోయినకాడికెల్లి ఆ ఇంట్ల ఎవ్వరు నవ్వంగ సూడలే నేను. రేపు చెప్త అనుకున్న. రేపటికి ఇంకో రెండు సెకండ్లు తగ్గినవ్. ఇంకెట్ల చెప్పాలె?"

"ఎట్లనా? నోటితోని."

"నోరు రాలే."

"ఆనాడే చెప్తె రెండున్నర నెలలు ఆ రాయి దంక ఉర్కేదాన్ని గదా నేను. ఎక్కువైన పన్నెండు సెకండ్లు తగ్గిచ్చేదాన్ని."

"గదే నేను తప్పువడ్డది. టైం అదే తగ్గుతది, ఉర్కంగ ఉర్కంగ నాలుగు వేళ్లు నువ్వే కలుపుకుంటవ్ అనుకున్న. తగ్గినవ్ గూడ. ఐదు ముప్పై ఎనిమిది కాడికెల్లి ఐదు పన్నెండుకొస్తివి. ఇంకో నెల ఉంటె..."

"నెల లేదు. రేపు ఒక్కరోజు ఉన్నది."

"ఊఁ."

"నువ్వే చెప్పినవ్. కీమ్యాన్ పొద్దున లేసి పన్నెండు కిలోమీటర్లు అనుకుంటె కాళ్లు లేవయ్. దూరంగున్న సిగ్నల్ దిక్కు సూడొద్దు, కాలు కింది స్లీపర్ సూడాలె. అడుగు సక్కగ పడ్తె దూరం అదే అయితది. ఉరుకుడొక్కటే గాదు, సంసారం గూడ గిట్లనే అన్నవ్. నాయిన పోయినప్పుడు అమ్మకు గూడ గదే చెప్పినవ్. ఇయ్యాల పొయ్యి ముట్టియ్యి, రేపటిది రేపు అని."

"చెప్పిన."

"అడుగే తక్కువ పడ్తె ఏంజెయ్యాలె తాతా? అది చెప్పలేదేంది?"

"చాయ్ తాగుదాం రా."

"చెప్పు."

"నాకు గూడ ఎరుక లేదు బిడ్డా. నా అడుగు ఎన్నడు తక్కువ పడలే. ఇదే మొదటిసారి."

"ఫోన్ పట్టుకో."

"కావ్యా, వద్దు. కాళ్లు పట్టేస్తయ్."

"రాయి దంక ఉర్కుత. సూడాలె నేను."

"లెక్క ఎరుకైంది గదా. ఇంక సూసేదేమున్నది?"

"లెక్క ఫోన్ చెప్పింది. కాళ్లు చెప్పలే ఇంక. రాయి కాడ నిలబడు నువ్వు. నేను ట్రాన్స్‌ఫార్మర్ కాడికెల్లి చెయ్యి లేపుత, తువ్వాల ఊపు, పచ్చది ఒత్తు. ఎంతయితె గంత చెప్పాలె. ఒక్క సెకండు ఎక్కువ గాదు, తక్కువ గాదు."

"చెప్త."

"ఒట్టు?"

"మీ అవ్వ మీద ఒట్టు. సచ్చి ఏడున్నదో."

"అవ్వను ఇడిసిపెట్టు. నా మీద పెట్టు."

"నీ మీదొద్దు బిడ్డా."

"పెట్టు."

"...నీ మీద ఒట్టు."

"పోతున్న. తువ్వాల!"

"ఊపుతున్న, ఊపుతున్న. పో!"

"హన్మయ్య మామా, చాయ్ సల్లారిపాయె."

"ఆడ పెట్టు తారామణీ. పోరి గోడ మలుపు తిరిగిందా?"

"తిరిగింది. కనిపిస్తలేదు ఇగ. మామా, నేను గూడ ఇన్న మీ మాటలు. గంత పెద్దగ అరుస్తిరి."

"ఇన్నవ్ గదా. తిట్టు నువ్వు గూడ."

"నేనెందుకు తిట్టాలె. నా మొగడు మందు మానిండని మా అత్తకు ఆరు నెలలు చెప్పిన నేను. ఆమె పోయేదంక గదే నమ్మింది."

"మంచిగ పోయిందా?"

"మంచిగనే పోయింది. మేమే ఉన్నం, ఆ మందుతోని."

"తారామణీ, రైలు పట్టాల మీద ట్రాలీ ఉంటది ఎరుకేనా? నలుగురం ఎనకకెల్లి నూకుతుంటిమి. ఎత్తుకు ఎక్కే చడావు వచ్చిందనుకో, ఇంకింత గట్టిగ నూకాలె, పోతుండె. మనిషిని నూకరాదు. దీని ఎనక నేను ఉర్కలేను. దాని రొప్పు నేను రొప్పలేను. గీడ తువ్వాల పట్టుకొని నిలవడుడే."

"ఫోన్ల రెండు నిమిషాలైంది మామా."

"నా పక్కకు నిలవడి నువ్వే సూస్తుండు. నా కండ్లు మసకవడ్తున్నయ్."

"మసకగాదు, ఏడుస్తున్నవ్."

"దుమ్ము."

"ఆదివారం లారీలు లేవు, దుమ్మెక్కడిది? మామా, ఎందుకు గీ పోరికి ఈ నౌకరి మీద్నే గంత పట్టు? షాపుల నీడ పట్టున ఉండేది గదా."

"నేనే ఎక్కిచ్చిన. చిన్నప్పుడు దాన్ని నేను తిరిగే పట్టాల మీద తీస్కపోతుంటి. సుత్తె మోస్తుండె. తాతా, ఈ రైలు పడిపోకుండ ఆపేది మనమేనా అనేది. మనమే బిడ్డా అంటుంటి."

"నాలుగు దాటింది. అగో, వచ్చింది! ఆ కొస మలుపు కాడ!"

"ఎట్ల ఉర్కుతుంది?"

"మంచిగనే ఉర్కుతుంది. భుజాలు కింద్కి పడ్డయ్ జర."

"భుజాలు లేపొద్దని నేనే చెప్పిన. పడితే మంచిదే. టైం?"

"నాలుగు యాభై. నాలుగు యాభై ఐదు. మామా, సున్నం గీత కాడికొస్తుంది."

"ఎంత?"

"ఐదు పదకొండు. దాటింది! ఆగుతుందా?"

"ఆగుతలేదు. దా బిడ్డా. దా. సిగ్నల్ సూడకు, కింద సూడు. కింద సూడు."

"కాళ్లు బరువైనయ్ మామా దానికి. తూలుతుంది."

"కింద సూడు బిడ్డా!"

"ఐదు నలభై అయ్యింది మామా."

"చెప్పకు."

"ఇంకా ఒక స్తంభం దూరం..."

"చెప్పకంటున్న గదా!"

"వచ్చింది! ఒత్తు మామా, ఒత్తు!"

"ఒత్తిన. సూడు ఎంత."

"ఐదు... యాభై మూడు."

"సరిగ సూడు."

"సూసిన. ఐదు యాభై మూడు. ఆగలేక ముంగటికి పోయింది పోరి. మర్లింది, వస్తుంది."

"గిది ఎట్ల తుడుపుతరు?"

"ఏంది?"

"ఈ అంకెలు. ఏడ ఒత్తితె పోతయ్?"

"మామా! పోరి మీద ఒట్టు వెట్టినవ్ ఇప్పుడే."

"ఏడ ఒత్తాలె చెప్పు జల్ది."

"...గీడ."

"తాతా... ఎంత... ఎంతయింది?"

"ఊపిరి తీస్కో ముంగట."

"ఫోన్ల సున్నా ఉన్నదేంది?"

"చెయ్యి తగిలి పోయింది బిడ్డా. సూసినంకనే పోయింది. నేను సూసిన."

"ఎంత?"

"ఐదు నలభై ఒకటి."

"నలభై ఒకటి."

"ఒక్క సెకండు. ఒక్కటంటె ఒక్కటే. రేపంత కాళ్లు సాపుకొని పండుకుంటివనుకో, మంగళారం అందరి నడుమ ఉర్కేటప్పుడు ఒక్క సెకండు ఎంత బిడ్డా."

"తారామణి అత్తా, నువ్వు సూసినవా?"

"నేనా? చాయ్ పొంగుతుండె బిడ్డా. నేను సూడలే."

"రాయి మీద కూసో కావ్యా. బూట్లు నేను ఇప్పుత. కాలు ఇటియ్యి."

"తాతా."

"ఆఁ."

"నా దిక్కు సూస్తలేవేంది నువ్వు?"

"లేసు పీటముడి వడ్డది. అదే సూస్తున్న."

"తాతా, సున్నం గీత దాటినంక గూడ మనసుల లెక్క ఆపలే నేను. మూడు వందల యాభై మూడు దంక లెక్కవెట్టిన... బూట్లు నేను ఇప్పుకుంట, నువ్వు లే. ఇంటికి పోయినంక అమ్మ అడిగితె మాత్రం ఐదు నలభై ఒకటే చెప్పు. నేను గూడ గదే చెప్త."