ఒక్క ట్రిప్పు బరువు

అలా ట్రైలర్లోకి తొంగి తొంగి చూడకండి బావగారూ, మీ లేత్ మిషను అందులో లేదు. కొండదారిలో దింపేసి వచ్చాను. ఆఁ, నేనే దింపించాను!

ముందు కాసిని మంచినీళ్లు తాగనివ్వండి.

ఫోన్లో మీరేమన్నారు? "ఒక్క ట్రిప్పులో తెచ్చేయండి, రేపటికల్లా షెడ్డులో మిషను తిరగాలి" అన్నారా లేదా? మీ తమ్ముడికి ఇక అదే వేదవాక్కు. మిషనొక్కటే దగ్గర దగ్గర టన్ను. దానికి తోడు మోటారు, ఇనపపెట్టెలు, ఆ పాత డ్రిల్లింగు మిషను. ట్రైలరు బరువే ఒక అర టన్ను. మన జీపు లాగగలిగేది మొత్తం టన్నున్నర. తలుపు మీదే రాసుంది, వేలు పెట్టి చూపించాను కూడా. "కంపెనీవాళ్లు అలాగే రాస్తార్లే" అని కొట్టిపారేశారు. పైగా దింపడానికి వీలని మిషన్ని వెనక చివరికి కట్టించారు!

నేనెందుకు ఊరుకున్నానా? ఒకసారి చెప్పాను, రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెబితే శకునపక్షినంటారు. ఆయన చెయ్యి కట్టులో ఉంది, స్టీరింగు నాదే. నోరు మూసుకుని ఎక్కాను.

ఎత్తు ఎక్కేటప్పుడు జీపు మూలిగింది గానీ, సరే, ఎక్కేసింది. దిగడం మొదలయ్యాక వెనకనుంచి ఎవరో పట్టుకుని గుంజినట్టయింది. అద్దంలో చూస్తే ట్రైలరు ఓసారి కుడివైపు, ఓసారి ఎడమవైపు. జీపుని కూడా తనతో ఊపేస్తోంది. కింద మలుపులో రోడ్డు పనివాళ్లు. ఎర్రజెండా పట్టుకుని ఒకావిడ, మాకేసి వీపు పెట్టి నిలబడింది.

"బ్రేకు కొట్టు! కొట్టవేం?" అని పక్కనుంచి మీ తమ్ముడి కేకలు.

కొడితే? వెనక బరువు అడ్డం తిరిగి మమ్మల్ని లోయలోకి ఈడ్చేది. కాలు మాత్రం బ్రేకు మీదికే పోతోంది బావగారూ, నా కాలు నా మాట వినదే! పంటి బిగువున యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగు అటూ ఇటూ కదలనివ్వకుండా, హారన్ మీద చెయ్యేసి అలా ఉండిపోయాను. ఊగడం తగ్గాకే గేరు దించాను, బ్రేకు మెల్లమెల్లగా తొక్కాను. ఆవిడ జెండా పారేసి పక్కకి దూకింది. కొండవైపు మట్టిగట్టుని ఒరుసుకుంటూ ఆగాం. ఒకటే మాడు కంపు!

ఆవిడ వచ్చి కిటికీలోంచి నా భుజం పట్టుకుంది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అక్కడే చెప్పేశాను, ఈ బరువుతో అంగుళం కదలనని. వాళ్ల క్రేనుతోనే మిషన్ని రోడ్డు పక్కకి దింపించాను. "అన్నయ్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంటారు మీ తమ్ముడు! లోయలో పడుంటే ఏ మొహంతో చెప్పేవారట?

రేపు తెద్దాం. మిషనొక్కటే, ఇరుసుకి కాస్త ముందుకి జరిపి కట్టి. ఇంకొక్క పెట్టె దాని పక్కన కనబడిందా, తాళాలు మీకే ఇచ్చేస్తాను, మీరే తోలుకోండి.

ఆయనా? రాలేదు. నాతో బండెక్కనని మిషను పక్కనే కూర్చున్నారు. మీరే వెళ్లి బతిమాలుకోండి, నేను పిలవను. అలగనివ్వండి, ఎన్నాళ్లయినా అలగనివ్వండి. అలగడానికి మనిషి మిగిలారు, నాకదే పదివేలు.