ఇటలీ రికార్డులో కొండల్ దెబ్బ

హలో… ఆ, నేనే… అవ్, సలాహుద్దీన్‌నే. కట్ చెయ్యకు! కట్ చెయ్యకు తమ్మీ! … కొత్త నెంబరని ఎత్తినవ్ గదా. నా నెంబరైతే మూడు నెలల సంది మోగి మోగి ఊకుంటున్నది. … ఇది జనార్దనరావు సార్ ఫోను. … ఏ జనార్దనరావేంది, మన్నెగూడ సార్! ఆయన మనవరాలు చిన్ని పెండ్లికే గదా మనం ఎదురుకోలు వాయించింది… ఆ. ఆ పెండ్లే.

తెలుసురా. ఆ పెండ్లి పేరు తీస్తే నీకు మండుతదని తెలుసు. రెండు నిమిషాలు ఇను, చాలు. … సరే, ఒక్క నిమిషం. గడియారం చూస్కో.

ముందుగాల ఇది చెప్పు. మల్లేశ్ వచ్చిండా? … ఇంక రాలే? యా అల్లా, బతికిన! … నాకెవరు చెప్తరు, మీ మంజుల మా బేగం సయీదాకు చెప్పింది. పొద్దుగాల సయీదా చాయ్ ఇచ్చుకుంట అంటది గదా… కొండల్ డ్రమ్ము ఇయ్యాల రావిర్యాల మల్లేశ్ పట్టుకపోతుండంట, కొండల్ ఒకటో తారీఖు సంది కొంగరకలాన్ కంపెనీల గేటు డ్యూటీ చేస్తడంట అని. ఆ చాయ్ ఆడనే పెట్టి లేసిన.

… మంచి నౌకరే, ఎవరు కాదన్నరు? యూనిఫారం గూడ మన బ్యాండోళ్ళ దానికంటె శుభ్రంగనే ఉంటది. డ్యూటీ చెయ్యి. డ్రమ్ము ఎందుకు ఇస్తున్నవ్ అంటున్న. … మల్ల ఎన్నడు కొట్టవా? … ఒట్టు గిట్ట పెట్టుకున్నవా ఏంది?

సరే సరే, అరవకు. నేను ఫోన్ చేసింది దానికి గాదు. సార్ ఇంటికి పిలిస్తే వచ్చి ఒక రికార్డు ఇన్న, కొండల్! … రికార్డు! నల్లగ పళ్ళెం తీరుగుంటది, మీద ముల్లు పెడితే తిరుగుతది… ఆ, గదే. ఇటలీది. … నవ్వకు. ఇటలీది అంటే నవ్వెందుకొస్తుంది నీకు?

సార్ ఓడల మీద ఇంజనీరు చేసిండు గదా ఎన్కట. వాళ్ళ ఓడ ఇటలీల ఏదో రేవుకు రిపేరుకు పోయిందంట. అది బాగయ్యేదాక ఊర్లె తిరుగుకుంట ఈ రికార్డు కొన్నడు. అట్ట మీద ఇస్త్రీపెట్టె, దాని మీద కోడిపుంజు నిలబడి ఉన్నది. … ఎందుకంటే నాకేం ఎరుక! పేరు చదివి చెప్పిండు గని నాకు నోరు తిరగలే. సార్ అన్నడు, దీన్ని జాజ్ అంటరు, ఇంకొంచెం రాక్ అంటరు, రెండూ కాదని గూడ అంటరు అని. నాకు ఆ పేర్లతోటి పనే లేదురా.

మొదాల ఏమొస్తదో చెప్పు చూద్దాం. … గిటారా? గాదు. … శాక్సా? గాదు. తలుపు! కిర్రుమని తలుపు తీస్తరు. ఎవరో బూట్లేసుకొని మెట్లు దిగుతున్నరు. టక్కు టక్కు. గంతే! సార్ దిక్కు చూసిన, సార్ కండ్లు మూసుకున్నడు. … ఆ, నేనూ గదే అనుకున్న, పెద్దాయన పొద్దుగాల్నే నన్ను ఆటపట్టిస్తున్నడని. ఇగ ఆ బూట్ల కిందికెళ్ళి బేస్ గిటార్ లేసిందిరా… ఎప్పుడు లేసిందో తెల్వదు! నేను బూట్లే ఇంటున్న అనుకుంటున్న, నా మోకాలు అప్పటికే ఊగుతున్నది.

… మాటలు లేవు. పాట లేదు. నడుమల ఒక ఆడామె గొంతొస్తది, గని ఆమె గూడ ఉత్త ఆ… ఊ… అంటదంతే. … గదే అంటున్న! ఇటలీ భాష నాకేం అక్కెర?

ఇగ శాక్సోడు. కొండల్, ఏం చెప్పాలెరా ఆని గురించి! నేను ముప్పై ఏండ్ల సంది ఊదుతున్న. కీచుమంటె ఏం జేస్తం మనం? సిగ్గుపడి ఆపుతం, శాక్స్ పీక తుడుస్తం, మల్ల ఊదుతం. ఆడు ఆపడు! ఆ కీచునే పట్టుకొని మీదికి పోతడు, ఇంకా మీదికి పోతడు, ఇగ చస్తడు అనుకున్న… ఆడికెళ్ళి చిన్నగ, పిల్లకు జోల పాడినట్టు, కిందికి దిగుతడు. నా చేతుల మీద రోమాలు లేసినయి. అల్లా కసం. నేను కుర్చీలకెళ్ళి లేసి నిలబడ్డ! సార్ అన్నడు, "కూర్చోండి మాస్టారూ, ఇంకా ఉంది" అని. ఇంకా ఉందంట!

… మస్తా? మస్తు అంటే చాలదురా.

వెంకాయమ్మ గారు… సార్ భార్య… ఆమె ఈ రికార్డు పెట్టంగనే పూజ రూంల పోయి తలుపేసుకుంటది. … నిజంగ! పెండ్లయిన కొత్తల సంది గదే కథ. యాభై ఏండ్ల సంది ఈ రికార్డును ఆ మనిషి ఒక్కడే ఇంటున్నడు. మొదటిసారి ఇంకోడు పక్కన కూసోని ఇన్నడు మాస్టారూ అన్నడు నాతోటి. సార్ మొఖం చూసి నేను కుర్చీ ఇంకింత దగ్గరికి జరుపుకున్న.

… ఒక్క నిమిషం ఎప్పుడో అయిపోయిందా? అయినా పెట్టేస్తలేవు గదా. ఆ, ఇను మరి.

అసలు ముచ్చట ఇప్పుడొస్తుంది. సార్ రికార్డు రెండో పక్క తిప్పిండు. అందరు వాయిస్తుండ్రు, వాయిస్తుండ్రు… ఒక్కసారి అందరు ఆగిపోయిండ్రు. డ్రమ్మరొక్కడే మిగిలిండు. ఏం కొట్టిండో తెలుసా?

… కొండల్. ఏడు.

… నాలుగు, మూడు. నాలుగు, మూడు. ఏడో దెబ్బ జర ఆలస్యంగ పడతది, ఊపిరి తీసుకున్నంత. … అవ్! నువ్వు ఆ నాడు ఫంక్షన్ హాల్ గేటు ముంగట కొట్టిందే! గదే దెబ్బరా! ఇటలీల! మనం పుట్టకముందు!

… అబద్ధం ఎందుకు చెప్త? ఉండు. ఫోను ఆ పాట వచ్చే డబ్బా కాడ పెడుతున్న. … సార్, జర ఆ ముల్లు మల్ల ఆడనే పెట్టుండ్రి, ఆ డ్రమ్ము ఒక్కటే వచ్చే కాడ… ఆ, గాడనే. … ఇను.

…

…

ఇన్నవా? … హలో? … మాట్లాడురా. … ఏంది, ఏడుస్తున్నవా? … సర్లే, జలుబు. జలుబే అనుకుందాం.

నీకెక్కడిదిరా అది? ఎవరు నేర్పిండ్రు? ఇరవై ఏండ్లు నా పక్కన నడుచుకుంట కొట్టినవ్, ఒక్కనాడు చెప్పలే. … ఎవరు, మీ బాపా? … రాళ్ళు కొడుతుంటెనా? … ఆ… ఆ… మీ బాపు సమ్మెట నాలుగు దెబ్బలు, మీ చిన్నాయన సమ్మెట మూడు… ఊపిరి తీసుకొని ఆ ఆఖరుది గట్టిగ ఏస్తే బండ పగుల్తుండె… నువ్వు గుట్ట కింద సద్ది గిన్నె పట్టుకొని కూసోని లెక్కపెడుతుంటివా? … అరెరె. అరెరె కొండల్! నాకు చెప్పొద్దా? … అడిగితే చెప్తుంటివా. … అవ్. నేనడగలే.

పెండ్లిల ఎందుకు కొట్టినవ్ మరి, ఆ నాడే? … చేతులు వాటంతటవే కొట్టినయా. … ఊఁ.

ఆ నాడు ఏమైందో నీకెరికె, మల్ల నేను చెప్తా. చెప్పనీ. రమాకాంత్ గారు, పెండ్లికొడుకు మేనమామ, మస్తు జోష్‌ల ఎగిరి దునికిండు. దునికిన కాడ దెబ్బ లేదు! పోయి పూలదండల తట్ట మీద పడ్డడు. … నవ్వు, నవ్వు. ఆ నాడు నవ్వొచ్చినా మనం నవ్వలే. లేసి వచ్చి నా కాలర్ పట్టుకున్నడు. ఏం వాయిస్తున్నర్రా అన్నడు. నేనేం చెప్పాలె? కొత్త దెబ్బ అంటే, ఎందుకు కొట్టిండు అంటరు. ఎందుకు కొట్టినవో నాకే తెల్వదాయె. అందరు చూస్తుండ్రు… నోట్లకెళ్ళి జారింది. డ్రమ్మర్ తాగిండు సార్, మాఫ్ చెయ్యుండ్రి అన్న.

… అవ్. నీ ముంగటనే అన్న. నువ్వు నా దిక్కు చూసినవ్. డ్రమ్ము భుజాన వేసుకొని సాగర్ రోడ్డెక్కినవ్.

మేళం మొత్తంల సోడా తప్ప ఇంకోటి ముట్టనోడివి నువ్వొక్కడివే. గా మనిషిని పట్టుకొని… … మంజుల నోరు వాసన చూసిందా? … ఎప్పుడు? … మొన్న గూడనా? ఇంత పని జేసిందా నా మాట!

అందుకే చెప్తున్న, ఇది ఇను. ఆ రికార్డుల డ్రమ్ము ఒక్కటే మోగుతుంటె శాక్సోడు ఏం జేసిండో తెలుసా? ఊకున్నడు. రెండు నిమిషాలు ఊకుండి ఇన్నడు. పూర్తిగ ఇన్నంకనే ఆ ఏడు మీదనే వచ్చి వాయించిండు… ఎంత మంచిగ వాయించిండురా! నేను ఆ నాడు ఇనలే. నీ పక్కనే ఉండి ఇనలే. తప్పు నాది కొండల్.

… ఏందీ? … సార్‌కా?

… సార్‌కు… అంటే… సార్‌కు అనుమానం ఉన్నది. పొద్దుగాల గదే అడిగిండు. తాగినోడు పావుగంట సేపు ఏడు తప్పకుండ కొడతడా మాస్టారూ అని. … నేనా? నేను… చాయ్ తాగిన. … తమ్మీ, జర సోంచాయించు. పెద్ద మనిషి, నీ ఏడు ఇని యాది పెట్టుకొని, ఇంత ఇజ్జత్ ఇచ్చి పిలిచిండు. ఇప్పుడు పోయి నేను అబద్ధం చెప్పిన సార్ అంటే, నన్ను ఏమనుకుంటడు? … నిన్ను ఏమనుకున్నరో, గదేనా. … ఊఁ. … తర్వాత చెప్త. నువ్వు రా ముందు, ఇద్దరం కలిసి… … ఇప్పుడేనా? … నువ్వు ఇంటుండంగనేనా?

… సరే. ఉండు. ఫోన్ పట్టుకోని ఉండు.

సార్! … సార్, ఒక మాట. రికార్డు జర ఆపుండ్రి. అమ్మా, వెంకాయమ్మ గారూ, మీరు గూడ ఒకసారి ఇటు రాండ్రి… రికార్డు ఆపిండ్రమ్మా, భయం లేదు, రాండ్రి. … సార్, చిన్ని పెండ్లినాడు మా కొండల్ తాగలే. ఎన్నడు తాగడు. నేను అబద్ధం చెప్పిన. నా కాలర్ కాపాడుకోనీకె, ఆయన మీద పెట్టిన. … అవ్ సార్. నేనే. … ఆయనే సార్ లైన్ల. ఇంటుండు.

… కొండల్. ఇన్నవా? … సార్ నా భుజం మీద చెయ్యేసిండు. గని అమ్మ తిడుతున్నది నన్ను! మామూలుగ గాదు! "ఆ అబ్బాయి ఆ రోజు అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు, ఎన్నిసార్లు అడిగాను మిమ్మల్ని, తాగి పడుకున్నాడన్నారు" అంటున్నది. … అవ్, గది గూడ అన్న. … తిట్టని, తిట్టని, మస్తుగున్నది. నిన్ను ఇప్పుడే తోలుకొని రమ్మంటున్నది, పులుసు పొయ్యి మీద ఉన్నదంట. … రమాకాంత్ గారికి గూడ చెప్త. ఆ నాడు ఎవరెవరు ఇన్నరో అందరికి, ఇంటింటికి పోయి చెప్త. మంజులకు నేనే చెప్త, ఫోనియ్యి. … సరే, ఇంటికొచ్చి చెప్త. ఆమె కొడితే పడత.

ఇగ డ్రమ్ము… … ఏంది? బండి చప్పుడేంది ఆడ? … మల్లేశా? … కొండల్! ఫోన్ పక్కన పెట్టకు! కొండల్!

… హలో? … ఏం మాట్లాడుతుండ్రో ఇనబడ్తలేదు… సార్, మల్లేశ్ వచ్చిండు సార్, డ్రమ్ము పట్టుకపోనీకె… ఉండుండ్రి, ఉండుండ్రి… ఏమో అంటుండు… …

… ఆ, ఉన్న. ఉన్నరా, యాడికి పోత? ఏం చెప్పినవ్ ఆనికి? … మల్ల చెప్పు. … ఇంకొకసారి చెప్పు, సార్ గూడ ఇనాలె! … "ఇయ్య" అన్నవా! … పాపం, గంత దూరం వచ్చిండు, చాయ్ అన్న తాపి పంపియ్యి ఆనికి.

… ఏ ఎనిమిది? ఆ రికార్డుల రెండోసారి ఎనిమిది కొట్టిండా ఆడు? … నాకు ఏడే ఇనబడ్డది. … తప్పు కొట్టిండంటవా, ఇటలీ మనిషి! … అయితే వచ్చి చెప్పు, ఆడు ఎక్కడ తప్పిండో. నా శాక్స్ నా కాడనే ఉన్నది, నువ్వు కొట్టేదాక నోట్ల పెట్ట. … హలో? … హలో, కొండల్?

… కట్ అయింది సార్. … లే సార్, కోపం గాదు. డ్రమ్ము రెండు చేతుల ఎత్తుకున్నోడు ఫోను ఎట్ల పట్టుకుంటడు?