తిరుమల్ ఎక్కించిన ఇంజన్

జయంత్‌కి కారు పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు, ఆలి మాట చెవికెక్కనంత పిచ్చి. కాకినాడ నుంచి దోహా వచ్చి, ఓ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్‌గా కుదురుకున్న రెండో ఏడే, దేశం వదిలిపోతున్న ఓ తెల్లదొర దగ్గర డెబ్భై రెండు మోడల్ అమెరికా కారొకటి చవగ్గా కొనేశాడు. రెండే తలుపులు, బారెడు బానెట్, వెడల్పాటి వెనక చక్రాలు. చూస్తే పులి పడుకున్నట్టుంటుంది. పులి అయితే పులేగానీ ఊపిరి లేదు. దాని ఇంజన్ ఎప్పుడో పట్టేసింది.

కొత్త ఇంజన్ కొనే తాహతు జయంత్‌కి లేదు. అందుకని స్క్రాప్ యార్డులన్నీ గాలించి, యాక్సిడెంటైన తొంభై నాలుగు మోడల్ కప్రీస్ కారు ఒకటి పట్టుకుని, దాని ఇంజన్ని వైర్లతో సహా ఊడదీయించి, ఉమ్ ఘువైలినాలో తాముండే బిల్డింగు మెట్ల కింద పెట్టి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పాడు.

"ఆరేళ్ళ కాపురంలో నాకు ఒక్కరోజు దుప్పటి కప్పిన పాపాన పోలేదు గానీ..." అంది అపూర్వ.

ఇంజన్ దొరికింది, ఎక్కించేవాడు దొరకలేదు. ఏ గ్యారేజీకి వెళ్ళినా బానెట్ ఎత్తి చూసి "మాఫీ" అనేవాళ్ళే, అరబ్బీలో లేదు పొమ్మని. పాత బండికి కార్బురేటర్, కొత్త ఇంజన్‌కి కంప్యూటర్. ఆ తలనొప్పి మాకెందుకన్నారు. ఇంతలో బలదియా, అంటే మున్సిపాలిటీ వాళ్ళొచ్చి కారు అద్దానికి స్టిక్కర్ అంటించి పోయారు: కదలని బండి, ఆదివారంలోగా తీయకపోతే మేమే ఎత్తుకుపోతాం అని. బలదియా ఎత్తుకుపోయిన బండి మళ్ళీ ఇంటికొచ్చిన దాఖలా లేదు.

అప్పుడు చెప్పాడు బిల్డింగు వాచ్‌మన్: సనాయాలో, అదే ఇండస్ట్రియల్ ఏరియాలో, లియాఖత్ అలీ గ్యారేజీలో తిరుమల్ అని జగిత్యాల వైపు మనిషి ఉన్నాడు, సరిగ్గా ఇలాంటి బండికే ఇలాంటి ఇంజన్ ఎక్కించాడట, శుక్రవారం సాయంత్రం పక్క వీధి మలబారీ కొట్టు దగ్గర చాయ్‌కొస్తాడు అని.

శుక్రవారం అసర్ నమాజ్ ముగిసి జనం రోడ్డు మీదికొచ్చే వేళకి జయంత్ కారు తాళంచెవి పిడికిట్లో పట్టుకుని కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా తిరుమల్. సన్నటి మనిషి, లావుపాటి మీసం. పక్కన అతని గ్యారేజీలోనే పనిచేసే బుచ్చన్న, తలపండిన మనిషి, గ్లాసులోకి చూస్తూ చాయ్ ఊదుకుంటున్నాడు. ఇంకో పక్క లేబర్ క్యాంపు నుంచి వచ్చిన లస్మయ్య, చెవులు చాటలు చేసుకుని.

"మీరు నిజంగా ఎక్కించారా?" అన్నాడు జయంత్.

"ఎక్కిచ్చుడా!" తిరుమల్ గ్లాసు కింద పెట్టాడు. "సార్, ఒక ఖతరీ పిల్లగాడు తెచ్చిండు, మీ బండి అసొంటిదే. డెబ్భై మోడల్. దాంట్ల తొంభై అయిదు ఇంజన్ పెట్టాలన్నడు. అందరు ఏమన్నరు? ఇంజన్ కూసునే కాళ్ళు కలవయి, కోసి వెల్డింగ్ కొట్టాలన్నరు. నేను ఒంగి సూసిన. అరే, తాత కాలంల ఇంజన్ ఏ కాళ్ళ మీద కూసుందో, మనుమడు గుడ గా కాళ్ళ మీదనే కూసుంటడు! వెల్డింగ్ అక్కెర్లే. పాత పెట్రోల్ పంపు తీసిపారేసి, జోరుగ కొట్టే పంపు టాంకిల దించిన. ఇంజన్ కింద నూనె తొట్టి ఒక్కటి తగులుతుండె, దాన్ని మార్చిన. అయిపాయె."

జయంత్ ముందుకు వంగాడు. తెప్పించుకున్న అమెరికా పత్రికల్లో తను చదివింది అచ్చం ఇదే. ఇన్ని గ్యారేజీల్లో ఈ మాట అన్న మొనగాడు ఒక్కడు లేడు. తాళంచెవి పిడికిట్లోంచి బల్ల మీదికొచ్చింది.

అది చూశాడు తిరుమల్. అక్కడితో ఆగితే బావుండేది. కానీ వినేవాడి కళ్ళు మెరిస్తే తిరుమల్ నోటికి బ్రేకులుండవు.

"గది ఏమంత పెద్ద ముచ్చట కాదు సార్. అసలు సంగతి ఇనున్రి. ఇంజన్ పైకి లేపినమా, గొలుసు మీద ఏలాడుతంది, సరిగ్గ బానెట్ మీదికి వచ్చినంక టప్పుమని గొలుసు తెగింది!"

"వామ్మో!" అన్నాడు లస్మయ్య.

"వామ్మో అంటే ఆగుతదా? భుజం అడ్డం పెట్టిన. ఇంజన్ నా భుజం మీద. అందరు బయటికి ఉరికిన్రు గొలుసు తేవడానికి. శుక్రవారం, దుకాన్లు బంద్. ఎప్పుడొస్తరు? నేను అట్లనే నిలవడ్డ. మధ్యల ఆకలైంది, ఒక చేత్తోని ఇంజన్ పట్టుకొని ఇంకో చేత్తోని ఖుబ్బూస్ రొట్టె తిన్న."

"కూర లేకుంటనేనా?"

"కూర ఎవడిస్తడు లస్మన్నా, నా కష్టం నాది. అటెంక ఏమైందో ఎరికేనా? వైర్లు! కంప్యూటర్ డబ్బలకెళ్ళి వైర్లు నా పెండ్లాం గౌరవ్వ జడ విప్పినట్టు జలజల కింద పడ్డయి. ఏది ఎక్కడ పెట్టాలె? కాయిదం లేదు, చెప్పెటోడు లేడు. నేనేం జేసిన, కండ్లు మూసుకొని ఒక్కొక్క వైరు చెవుకాడ పెట్టుకున్న. వైరు మాట్లాడుతది సార్. ఇది పంపు, ఇది ప్లగ్గు, ఇది ఫ్యాను అని దాని పేరు అదే చెప్తది."

"ఏ భాషల చెప్తది?" బుచ్చన్న తల ఎత్తకుండానే అడిగాడు.

"అమెరికా వైరు గద అన్నా, ఇంగ్లీషుల్నే. నాకు రాదనుకుంటున్నవా?"

జయంత్ నవ్వబోయి ఆపుకున్నాడు. పనివాడికి కాస్త నోటి దురద ఉంటే ఏమైంది, చెయ్యి మంచిదైతే చాలు అనుకున్నాడు. మలబారీ వాడు కొత్తగా కాచిన కరక్ చాయ్ తెచ్చి అందరి ముందూ పెట్టాడు. తిరుమల్ ఒక గుక్క తాగి, మీసం తుడుచుకుని, బల్ల అంచుకి జరిగాడు.

"స్టార్ట్ కొట్టిన. సార్, గా సప్పుడు! ఫరీజ్ అబ్దుల్ అజీజ్ బస్తిల గూట్లున్న పావురాలన్ని ఒక్కసారి లేచి, మబ్బు పట్టిందనుకొని జనం దండేల మీది బట్టలు తీసుకున్నరు. ఒడ్డున కట్టేసిన లాంచీలు ఏదో పెద్ద ఓడ కూత పెట్టిందనుకొని వాటంతటవే తాళ్ళు తెంపుకొని పోయినయి. తెల్లారి ఊరికి ఫోన్ చేస్తే మా గౌరవ్వ అంటది, 'ఏమయ్యా, మీ దుబాయ్‌ల ఉరుములొస్తున్నయా, మన బర్రె బెదిరి పాలియ్యలే' అని."

"గట్లనా!" లస్మయ్య చాయ్ తాగడం మానేశాడు.

"ఇంక ఇనుండ్రి. ట్రయల్ చూడాలె గదా. సల్వా రోడ్డు మీదికి తీసిన. సిగ్నల్ కాడ ఒకడు కొత్త బండేసుకొని పక్కన ఆగిండు. నా బండి రంగు చూసి నవ్విండు. యల్లా, పోదామా అన్నడు. నేను యల్లా అనలే, కాలు ఆనిచ్చిన, అంతే. గట్టిగ తొక్కలే సార్, దేవుని తోడు, ఊకె ఆనిచ్చిన. కండ్లు తెరిచి చూస్తే ఊరవతల అల్ వుకైర్! బండి వచ్చింది, నేనొచ్చిన, నా నీడ రాలే."

"నీడ రాలేదా?" ఈసారి అడిగింది జయంత్. అడిగాక తనకే ఆశ్చర్యమేసింది.

"ఎట్లొస్తది సార్? సిగ్నల్ కాడనే ఉండిపాయె పాపం. పోలీసోడు నా నీడను పట్టుకొని పతాకా కార్డు చూపియ్యమన్నడు. దానికాడ యాడుంది? నా పతాకా నా జేబుల ఉండె. ఇగ మూడు దినాలు నేను నీడ లేకుంటనే తిరిగిన. ఎండకాలం, ఎంత తిప్పలైందో నాకే ఎరుక."

పక్క బల్లమీద పత్రిక చదువుకుంటున్న ఇద్దరు మనుషులు పత్రిక మడిచి ఇటు జరిగారు. తిరుమల్ గొంతు ఇంకో మెట్టు ఎక్కింది. ఇప్పుడతను కూర్చోలేదు, లేచి నిలబడి స్టీరింగు తిప్పుతున్నాడు. జయంత్‌కి తెలుస్తూనే ఉంది ఇదంతా కోతేనని. అయినా తన కారే అలా దూసుకుపోతున్నట్టు, ఆ గాలి తన మొహానికే కొడుతున్నట్టు ఒళ్ళు పులకరిస్తోంది. వేళ్ళు తాళంచెవిని తెలియకుండానే తిరుమల్ వైపు నెడుతున్నాయి.

"బ్రేకు కొట్టిన. పాత బండి బ్రేకు, కొత్త ఇంజన్ ఊపు, యాడ ఆగుతది? వక్రా దాటింది, ఒడ్డు దాటింది, సముద్రం మీదికెక్కింది!"

"మునిగినవా?"

"మునగడానికి నీళ్ళకు టైమ్ దొరకాలె గదా లస్మన్నా! టైర్ తడిసే లోపల్నే ముంగటికి పోతంది. సైలెన్సర్ వేడికి ఎనక నీళ్ళు సలసల మసిలి, హమూర్ చేపలు ఉడికి ఉడికి తేలుతున్నయి. పడవలోళ్ళు నాకు దండం పెట్టి, అన్నం వండుకొని కూసున్నరు. అటెంక ఏమైందో ఎరికేనా? ఎదురుంగ ఇరాన్ కనవడ్డది. వీసా లేదు నాకాడ! ఎట్ల? సముద్రం నడుమ, అంత స్పీడ్‌ల, ఏసిన రివర్స్ గేరు!"

"యా అల్లా!" అన్నాడు మలబారీ వాడు, వచ్చీరాని తెలుగులో ఎంత అర్థమైందో మరి.

"బండి ఎనకకు మళ్ళింది. ఎంత జోరుగ మళ్ళిందంటే సార్, దోహా వచ్చి చూస్తే శుక్రవారం లేదు! గురువారం ఉంది! నేను బయలెల్లిన దినం కన్న ముందల్నే వచ్చిన! గ్యారేజీల గడియారం ఎనకకు తిరుగుతంది. లియాఖత్ అలీ ముందర నిలవడి, 'తిరుమల్, డ్యూటీకి లేట్ ఎందుకైంది' అంటడు. చేసిన డ్యూటీనే మళ్ళ చేసిన. గా రెండో గురువారానికి ఓవర్‌టైమ్ గుడ ఇయ్యలే సార్. అడిగితే మాఫీ అన్నడు!"

బల్ల చుట్టూ నవ్వులు, కేకలు. లస్మయ్య తొడ చరుచుకున్నాడు. జయంత్ తాళంచెవి పూర్తిగా తిరుమల్ గ్లాసు పక్కకి చేరిపోయింది.

అప్పుడు బుచ్చన్న ఖాళీ గ్లాసు బోర్లించి, మొదటిసారి తల ఎత్తాడు.

"అంత బాగనే ఉంది గని తిరుమల్, ఒక్క ముచ్చట చెప్పు. కాలాన్నే రివర్స్ కొట్టినోనివి, మొన్న లైసెన్స్ టెస్టుల బండి రివర్స్ కొట్టమంటే డ్రమ్ముకు గుద్ది ఎట్ల ఫెయిలైతివి?"

అప్పుడు చూడాలి నవ్వు! పక్క బల్ల వాళ్ళు బల్ల మీదే వాలిపోయారు. మలబారీ వాడు అర్థం అడిగి తెలుసుకుని, ఆలస్యంగా ఒక్కడే మళ్ళీ నవ్వాడు. తిరుమల్ చేతులు గాల్లో స్టీరింగు మీదే ఆగిపోయాయి.

జయంత్‌కి మాత్రం నవ్వు రాలేదు. లైసెన్సే లేనివాడు! అంటే అసలు ఇంజన్ మాట కూడా... చెయ్యి మెల్లిగా తాళంచెవి మీదికి పోయింది. ఆదివారం పొద్దున బలదియా లారీ వచ్చి, పులిలాంటి బండిని కొక్కేనికి తగిలించి లాక్కుపోతున్నట్టు కళ్ళ ముందు మెదిలింది.

"తీసుకోకున్రి సార్." బుచ్చన్న అతని చెయ్యి చూసి అన్నాడు. "వాడు నడిపింది అబద్ధం. ఎక్కిచ్చింది నిజం. గొలుసు తెగలే, ఏం లే. నేనే గుంజిన గా గొలుసు. వైర్లకాడ మస్తు రోజులు కిందమీద పడ్డడు, ఒకసారి పొగ గుడ లేచింది, అన్నం తినకుంట మళ్ళ విప్పి మళ్ళ కట్టిండు. ఖతరీ పిల్లగాడు ఇంక గా బండిలనే తిరుగుతండు. పని మీద వానికి నోరుండదు, చేతులే ఉంటయి. చాయ్ కాడనే గిట్ల."

జయంత్ తిరుమల్ వైపు చూశాడు. పొగడ్త వినే అలవాటు లేనివాడిలా తిరుమల్ బల్ల మీద కూలబడి నేలచూపులు చూస్తున్నాడు. ఇందాక సముద్రం మీద బండి నడిపినవాడు, చేసిన పని నిజమని ఒకరంటే ఎక్కడ చూడాలో తెలియక గ్లాసు తిప్పుతున్నాడు. ఆ గోళ్ళ సందుల్లో గ్రీసు నల్లగా ఇంకిపోయి ఉంది.

"మీరు వైర్లు ఎన్నిసార్లు విప్పినా నాకేం ఫర్వాలేదు," అన్నాడు జయంత్. తాళంచెవి ఇంకాస్త అటు జరిపాడు. "ఇంజన్ మీరెక్కించండి. స్టీరింగు మాత్రం నాకొదిలేయండి."

తిరుమల్ ముఖంలోకి నెత్తురొచ్చింది. "పదున్రి సార్, ఇప్పుడే చూద్దాం," అని లేచాడు. "లియాఖత్ అలీకి చెప్తే రికవరీ లారీ పంపుతడు, సందు మలుపుకాడికి నెట్టుకపోతే సాలు."

బిల్డింగు ముందు సందు ఇరుకు, లారీ లోపలికి రాదు. జయంత్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. బుచ్చన్న, లస్మయ్య, మలబారీ కొట్టులో నవ్విన ఇద్దరూ వెనక నిలబడి నెట్టారు. పై అంతస్తు కిటికీలోంచి అపూర్వ తొంగిచూసింది. నెలల తరబడి కదలని చక్రాలు కిర్రుమని ఓ చుట్టు తిరిగాయి. కదిలింది!

వెనక నుంచి, డిక్కీకి భుజమానించి, రొప్పుతూనే తిరుమల్ గొంతు వినబడుతోంది: "లస్మన్నా, గా డ్రమ్ము ఎందుకు గుద్దిన్నో ఎరికేనా? డ్రమ్మే నా ఎనకకు వచ్చింది..."

"మాటలు తర్వాత," అన్నాడు బుచ్చన్న. "ముందు నెట్టు."